మిద్దె మీద గదికి నెట్ ఎందుకు ఎక్కడం లేదు?

ప్రశ్న: మాది చీమకుర్తి. ఇంట్లోనే ఉండి నాలుగైదు గ్రానైట్ యూనిట్లకు అకౌంట్లు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. కింద పాత ఇల్లు, మిద్దె మీద ఈమధ్య వేసుకున్న గదిలో నా సిస్టమ్. నెట్ 100 ఎంబీపీఎస్ ప్లాన్. మోడెం కింద హాల్లో టీవీ వెనక అరలో ఉంది. సిస్టమ్ కొన్నప్పుడు షాపువాళ్లు చిన్న వైఫై డాంగిల్ ఇచ్చారు, అది సీపీయూ వెనక పెట్టి ఉంది. కింద ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 80, 90 చూపిస్తుంది. పైన సిస్టమ్‌లో 5, 6 దాటదు. సాయంత్రం ఏడు దాటితే 2కి పడిపోతుంది. కేబుల్ అబ్బాయిని పిలిస్తే మోడెం పక్కన నిలబడి తన ఫోన్‌లో 92 చూపించి, ‘మా లైన్ బాగుందమ్మా, మీ సిస్టమ్‌లోనే ఏదో ఉంది’ అని వెళ్లిపోయాడు. షాపుకు తీసుకెళ్తే ‘సిస్టమ్ బాగుంది, మోడెం మార్పించుకోండి’ అన్నారు. మా బావగారు ప్లాన్ 200కి పెంచమంటున్నారు. పక్కింటివాళ్లు రిపీటర్ కొనమంటున్నారు. 20వ తేదీ దగ్గర పడుతుంటే టెన్షన్‌గా ఉంటోంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, చీమకుర్తి

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. ఈ వారం ఏమీ కొనకండి, ప్లాన్ కూడా పెంచకండి. మీకు సలహా చెప్పినవాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ వాళ్లలో ఒక్కరు కూడా మీరు కూర్చునే చోట కూర్చుని చూడలేదు. కేబుల్ అబ్బాయి హాల్లో చూశాడు, అదీ తన ఫోన్‌లో. షాపువాళ్లు మీ సిస్టమ్‌ను వాళ్ల షాపులో, వాళ్ల నెట్‌కి కలిపి చూశారు. మీ ఇబ్బంది మాత్రం పైగదిలో, మీ బల్ల దగ్గర ఉంది.

మీ లెక్కలోనూ అదే చిక్కు ఉంది. కింద ఫోన్‌లో 90, పైన సిస్టమ్‌లో 5 అని రాశారు. ఇందులో చోటూ మారింది, పరికరమూ మారింది. స్పీడ్ పడిపోయింది శ్లాబ్ వల్లా, డాంగిల్ వల్లా అన్నది ఈ రెండు అంకెలతో తేలదు. ఏదైనా ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. అకౌంట్లు సరిచూసేటప్పుడు తేడా ఎక్కడుందో దొరికేదాకా మీరు ఏ ఎంట్రీనీ ముట్టుకోరు కదా, ఇక్కడా అంతే.

కాబట్టి మొదటి పరీక్ష ఇది. అదే ఫోన్ తీసుకుని పైకి వెళ్లండి. సిస్టమ్ ఉన్న బల్ల మీదే ఫోన్ పెట్టి, మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీద స్పీడ్ టెస్ట్ చేయండి. ఆ వెంటనే సిస్టమ్‌లోనూ చేయండి. ఫోన్‌లో కూడా 5, 6 మాత్రమే వస్తే సిగ్నల్ శ్లాబ్ దాటి పైకి రావడం లేదని అర్థం. ఫోన్‌లో 30, 40 వచ్చి సిస్టమ్‌లో 5 దగ్గరే ఆగిపోతే తప్పు డాంగిల్‌ది, లేదా సిస్టమ్ లోపలి సెట్టింగులది. మీరు రాసిన వివరాలు చూస్తే నాకు రెండూ కలిసే ఉన్నాయనిపిస్తోంది, అందులో డాంగిల్ వాటా ఎక్కువ. అయినా నా ఊహను నమ్మకండి, అంకెలు చూసుకోండి.

ఫోన్‌లో స్పీడ్ బాగా వచ్చి సిస్టమ్‌లో రాకపోతే, పైసా ఖర్చు లేకుండా ఈ రోజే పని నడుపుకునే దారి ఒకటుంది. ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో సీపీయూకి కలపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్, టెథరింగ్ అని ఉన్న చోట యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. సిస్టమ్‌లో వైఫై ఆపేయండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫోన్ వైఫైకి కలిసి ఉంటే టెథరింగ్ ఆ వైఫైనే వాడుకుంటుంది, మీ మొబైల్ డేటా ఖర్చవదు. కేబుల్ మాత్రం ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక రకం కాకూడదు. ఫోటోలు సిస్టమ్‌లోకి ఎక్కించుకునే కేబుల్ అయితే సరిపోతుంది. ఇలా పెట్టాక సిస్టమ్‌లోనూ 30 పైన వచ్చిందంటే డాంగిల్ దోషం రుజువైనట్టే. ఈ నెల 20వ తేదీ ఇలా గట్టెక్కుతుంది. మిగతాది నెమ్మదిగా చూసుకోవచ్చు.

ఇప్పుడు ఆ డాంగిల్ సంగతి. దాన్ని ఒకసారి ఊడదీసి చేతిలోకి తీసుకుని చూడండి. బొటనవేలి గోరంత ఉంటుంది. దాని లోపలి యాంటెన్నా ఇంకెంత ఉంటుందో మీరే ఊహించండి. ఇలాంటి చిన్న డాంగిల్స్ డబ్బా మీద తరచూ 150 ఎంబీపీఎస్ అని రాసి ఉంటుంది. అది 40 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానల్ (సిగ్నల్ నడిచే దారి) దొరికినప్పుడు, అడ్డేమీ లేనప్పుడు, కాగితం మీద వచ్చే అంకె. మోడెం 20 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంటే అదే డాంగిల్ 72 దగ్గర ఆగిపోతుంది. వైఫైలో ఇలా చెప్పే స్పీడ్‌లో మన చేతికొచ్చేది సుమారు సగమే, మిగతాది పరికరాలు ఒకదానికొకటి చెప్పుకునే కబుర్లకే పోతుంది. అంటే మోడెం పక్కనే పెట్టినా ఆ డాంగిల్ మీకు 100 ఇవ్వలేదు. ప్లాన్ 200కి పెంచినా పైగదిలో ఒక్క ఎంబీ కూడా పెరగదని ఇక్కడే తెలిసిపోతోంది కదా. బావగారికి ఈ మాట చెప్పండి.

అది ఉన్న చోటు ఇంకా పెద్ద సమస్య. సీపీయూ బల్ల కింద, వెనక భాగం గోడ వైపు ఉంటుంది. డాంగిల్‌కి ఒక పక్క ఇనప డబ్బా, ఇంకో పక్క గోడ, కింద నేల. పైగా దాని పక్క పోర్టులోనే మీరు బ్యాకప్ హార్డ్ డిస్క్ పెట్టి ఉంటే అదీ ఒక కారణమే. పోర్టు లోపల నాలుక నీలం రంగులో ఉంటే అది సాధారణంగా యూఎస్‌బీ 3.0. అందులో డేటా పరుగెడుతున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది. మీ డాంగిల్ వినాల్సింది సరిగ్గా ఆ బ్యాండ్‌లోనే, అంటే వైఫై వాడుకునే ఆ రేడియో పట్టీలోనే. ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదు, ఇంటెల్ సంస్థ 2012లోనే కొలిచి ప్రకటించిన విషయం. అకౌంట్ల బ్యాకప్ తీస్తున్నప్పుడు నెట్ మరీ చచ్చుబడుతోందా అన్నది గమనించండి.

దీనికి మందు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు. ఒక మీటరు పొడవున్నది ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది. ఒక కొస నీలం కాని పోర్టులో పెట్టి, రెండో కొసకి డాంగిల్ తగిలించి, దాన్ని బల్ల మీదకి తెచ్చి, మెట్లున్న వైపు కనబడేట్టు పెట్టండి. మెట్ల దారి వైపే ఎందుకంటే మీ ఇంట్లో సిగ్నల్‌కి అదొక్కటే కాస్త తెరిచి ఉన్న దోవ. ఈ చిన్న మార్పుతోనే స్పీడ్ రెట్టింపు, మూడింతలు కావడం మామూలే.

సిస్టమ్ లోపల చూడాల్సినవి కొన్నే. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో మీ కనెక్షన్ ప్రాపర్టీస్ తెరవండి. కిందికి జరిపితే ప్రోటోకాల్, నెట్‌వర్క్ బ్యాండ్, ఛానల్, లింక్ స్పీడ్ అని వరసగా కనిపిస్తాయి. లింక్ స్పీడ్ అంటే డాంగిల్‌కీ మోడెంకీ మధ్య కుదిరిన వేగం. వైఫై 4 అనీ, 2.4 గిగాహెర్ట్జ్ అనీ ఉండి, లింక్ స్పీడ్ 20 లోపు ఉంటే మీ 5, 6కి కారణం అక్కడే దొరికినట్టు. ఆ పేజీని ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. డాంగిల్ చోటు మార్చాక మళ్లీ చూస్తే ఎంత లాభం వచ్చిందో తెలుస్తుంది.

తర్వాత డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద ఆ డాంగిల్ పేరు మీద రెండుసార్లు నొక్కండి. పవర్ మేనేజ్‌మెంట్ అనే చోట, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కి అనుమతినిచ్చే టిక్ ఉంటే తీసేయండి. కాసేపు పని చేయకుండా వదిలేస్తే నెట్ నిద్రపోయి, మళ్లీ లేవడానికి సమయం తీసుకునే బాధ దీనితో తగ్గుతుంది. విండోస్ అప్‌డేట్ సెట్టింగులలో డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒకటుంది, అందులో వేరే కంప్యూటర్లతో పంచుకునే స్విచ్ ఆపేయండి. టాస్క్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అనే నిలువు వరస మీద నొక్కితే, మీకు తెలియకుండా ఏ ప్రోగ్రామ్ డేటా తాగుతోందో పైకి వస్తుంది. క్లౌడ్‌లోకి ఫోటోలు ఎక్కించే ప్రోగ్రామ్‌లు చాలాసార్లు ఇక్కడ దొరికిపోతాయి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. నెట్‌లో ‘ఇంటర్నెట్ స్పీడ్ బూస్టర్’, ‘డ్రైవర్ అప్‌డేటర్’ పేర్లతో ఉచిత ప్రోగ్రామ్‌లు కనబడతాయి. వాటి జోలికి అసలు పోకండి. సాఫ్ట్‌వేర్ దేనికీ శ్లాబ్‌లోంచి సిగ్నల్ లాగే శక్తి లేదు. మీ సిస్టమ్‌లో మీ ఒక్కరి వివరాలే కాదు, మిమ్మల్ని నమ్మిన యూనిట్ల జీఎస్టీ పాస్‌వర్డ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బహుశా డిజిటల్ సంతకాలు కూడా ఉంటాయి. డ్రైవర్ కావాలంటే డాంగిల్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచో, విండోస్ అప్‌డేట్ నుంచో మాత్రమే తీసుకోండి. అలాగే మీది ఇంకా విండోస్ 10 అయితే, దానికి మామూలు ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. స్పీడ్‌కి సంబంధం లేని మాటే అయినా, మీ పనికి చాలా సంబంధం ఉంది.

ఇక మోడెం దగ్గరికి వద్దాం. మన వైపు పాత ఇళ్లలో రాతి గోడలు అడుగున్నర, రెండడుగుల మందం ఉంటాయి. మీ హాలు అలాంటి పాత కట్టడమే అయితే పక్క గదికి వెళ్లడానికే సిగ్నల్ ఆయాసపడుతుంది. పైకి వెళ్లాలంటే ఇనప చువ్వలల్లిన కాంక్రీట్ శ్లాబ్, దాని మీద బెడ్డింగ్, ఆపైన బండలో గ్రానైటో. చీమకుర్తిలో గ్రానైట్ పరవని గది అరుదు కాబట్టి మీరూ పరిచే ఉంటారు. గ్రానైట్ ఒక్కదాన్నే తప్పుపట్టలేం, అసలు అడ్డు శ్లాబ్ మందమూ అందులోని ఇనుమూ. అయితే అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. దానికి తోడు మోడెంని టీవీ వెనక అరలో దాచారు. టీవీ వెనక భాగం చాలావరకు లోహమే. అర మూసి ఉంటే వేడి కూడా పోదు. మే నెల ఎండల్లో ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

దాన్ని అరలోంచి బయటికి తీసి, వైరు అందినంత మేర మెట్ల దగ్గరికి, తల ఎత్తున్న చోటికి జరపండి. యాంటెన్నాలు బయటికి ఉంటే ఒకదాన్ని నిలువుగా ఉంచి, ఇంకోదాన్ని అడ్డంగా వంచండి. నిలువుగా నిలబెట్టిన యాంటెన్నా సిగ్నల్‌ని చుట్టూ పక్కలకి బాగా పంపుతుంది కానీ నెత్తి మీదకి తక్కువ పంపుతుంది. మీకు కావలసింది నెత్తి మీదకే.

మోడెం జరిపేటప్పుడు ఫైబర్ వైరుతో జాగ్రత్త. సన్నగా, సాధారణంగా పసుపు లేదా నలుపు రంగులో ఉంటుంది. లోపల ఉన్నది గాజు తీగ. మడత పడితే వెలుతురు బయటికి కారిపోతుంది. టీవీ యూనిట్ వెనక నొక్కుకుపోయిన వైరు వల్ల నెట్ నెమ్మదించిన ఇళ్లు చాలా ఉన్నాయి. మోడెం మీద ఎల్‌ఓఎస్ అనే చోట ఎర్ర లైటు వెలిగితే, కొట్టుకుంటూ ఉంటే, వెలుతురు అందడం లేదని అర్థం. అప్పుడు కేబుల్ వాళ్లని పిలవడం తప్ప వేరే దారి లేదు. ఆ వైరు వాళ్లతోనే మెట్ల మలుపు దాకా పొడిగించమని అడగొచ్చు, చాలామంది చేసి పెడతారు.

సాయంత్రం ఏడు దాటాక 2కి పడిపోతోందన్నారు కదా, అది విడిగా చూడాల్సిన సంగతి. దానికి రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది గాలిలో రద్దీ. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మన దేశంలో 13 ఛానళ్లున్నా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా వాడుకోగలిగేవి 1, 6, 11 మాత్రమే. రాత్రి వీధిలో అందరూ టీవీలు, ఫోన్లు పెట్టుకుంటే మీ మోడెం, పక్కింటి మోడెం, ఎదురింటి మోడెం ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాలి. ఆ బ్యాండ్ ఎవరి సొత్తూ కాదు, 2005 నుంచి లైసెన్సు అక్కర్లేకుండా ఎవరైనా వాడుకోవచ్చు, కాబట్టి ఎవరినీ ఏమీ అనడానికి లేదు. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ లాంటి ఉచిత యాప్ పెట్టుకుని రాత్రి ఎనిమిదింటికి చూడండి, మీ చుట్టూ ఏ ఛానల్‌లో ఎన్ని ఉన్నాయో గుట్టలు గుట్టలుగా కనిపిస్తుంది. మూడింటిలో ఖాళీగా ఉన్నదానికి మీ మోడెంని మార్చి, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. మోడెం పేజీలోకి వెళ్లే అడ్రస్సు, పాస్‌వర్డ్ మోడెం అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. పని చేయకపోతే కేబుల్ అబ్బాయిని అడగండి, పెట్టింది వాళ్లే. వంటింట్లో మైక్రోవేవ్ నడిచేటప్పుడు కూడా నెట్ తగ్గుతుంటే కంగారు పడకండి. అదీ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పని చేస్తుంది, పొయ్యి ఆగితే సర్దుకుంటుంది.

రెండో కారణం లైనులోనే రద్దీ. ఇంటికొచ్చే ఫైబర్ మీ ఒక్కరిదే కాదు. మామూలుగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక తీగలో వచ్చే సుమారు 2.5 గిగాబిట్ల సామర్థ్యాన్ని 32 ఇళ్లో, 64 ఇళ్లో పంచుకుంటాయి. ఆపైన మీ ఊరి ఆపరేటర్ బయటి నుంచి ఎంత కొని తెచ్చుకుంటున్నాడన్నది ఇంకో సంగతి. గాలిలో రద్దీయా, లైనులో రద్దీయా అన్నది తేల్చడానికి వైఫై పనికిరాదు. మోడెం నుంచి నేరుగా సిస్టమ్‌కి పెట్టే లాన్ వైరు కావాలి.

అందుకే నేను మిమ్మల్ని కొనమని చెప్పే పెద్ద వస్తువు ఒక్కటే, లాన్ కేబుల్. దాన్ని పరీక్ష కోసం ముందు తెప్పించండి, తర్వాత అదే మీకు శాశ్వత వైద్యం అవుతుంది. ముందు దాన్ని మెట్ల మీదుగా ఊరికే పరిచి, ఒక కొస మోడెంలో, రెండో కొస సీపీయూ వెనక ఉన్న లాన్ పోర్టులో పెట్టండి. డెస్క్‌టాప్‌లలో ఆ పోర్టు దాదాపు అన్నింటికీ ఉంటుంది. ఇన్నాళ్లూ దుమ్ము పట్టి ఉండి ఉంటుంది. వైఫై ఆపేసి మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి టెస్ట్ చేయండి. రెండుసార్లూ 90 పైన వస్తే లైను నిక్షేపంగా ఉన్నట్టు, గొడవంతా గాలిలోదే. మధ్యాహ్నం 90 వచ్చి రాత్రి వైరు మీద కూడా 10కి పడిపోతే తప్పు ఆపరేటర్‌ది. ఆ రెండు స్క్రీన్‌షాట్లు తేదీ, టైము కనబడేట్టు తీసి పెట్టుకోండి. ఇక అప్పుడు కేబుల్ అబ్బాయి ఫోన్‌లో 92 చూపించి తప్పించుకోలేడు. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోండి. పరిష్కారం కాకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకునే హక్కు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల్లో ఉంది. నోటి మాటగా చెప్పిన ఫిర్యాదుకు ఈ బలం ఉండదు. మీకు సాయంత్రాలు వస్తున్న 2 ఎంబీపీఎస్ ఎంత తక్కువంటే, 2023 జనవరి నుంచి ప్రభుత్వ నిర్వచనం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండాల్సిన కనీస వేగమే అది.

కేబుల్ కొనేటప్పుడు నాలుగు మాటలు గుర్తుంచుకోండి. క్యాట్ 6 అని అడగండి. లోపలి తీగలు పూర్తి రాగివా, రాగి పూత పూసిన అల్యూమినియమా అని కూడా అడగండి. పూత రకం చవక, కానీ త్వరగా విరుగుతుంది, కొన్నాళ్లకి కనెక్షన్ తెగి తెగి వస్తుంది. ఇలాంటి కేబుల్ 100 మీటర్ల దాకా స్పీడ్ తగ్గకుండా మోస్తుంది, మీ ఇంటికి పాతిక మీటర్లు చాలా ఎక్కువ. కొసలకి క్లిప్పు వేసేవాళ్లు ఎనిమిది తీగలూ కలపాలి. కొందరు నాలుగే కలిపి వదిలేస్తారు, అప్పుడు 100 దగ్గర ఆగిపోతుంది. ఇవాళ మీ ప్లాన్‌కి అది చాలు, రేపు ప్లాన్ పెంచితే ఇబ్బంది. బయటి గోడ మీదుగా తీసుకెళ్తే ఎండకి పగలని, బయట వాడే రకం నల్ల కేబుల్ తీసుకోండి. కరెంటు వైర్లున్న పైపులోంచి మాత్రం లాగనివ్వకండి, విడిగా చిన్న పీవీసీ పైపు వేయించండి. ఉరుములు, మెరుపులు ఎక్కువగా ఉన్న రోజు రాత్రి మోడెం ప్లగ్గూ, ఈ కేబులూ రెండూ పీకేసి పడుకోవడం మంచిది. మొత్తం ఖర్చు చూస్తే, ఎలక్ట్రీషియన్ కూలి కలుపుకున్నా, ఒక మంచి మెష్ సెట్ (ఇల్లంతా ఒకే వైఫై అందించే రెండు మూడు డబ్బాల జత) ధర కంటే చాలా తక్కువలో తేలుతుంది.

గోడకి బెజ్జం వేయాలా అని మీ ఇంట్లో వాళ్లు వెనకాడితే నా మాటగా చెప్పండి. మీరు సరదాకి సినిమాలు చూడటానికి అడగడం లేదు. ఆ గదిలో కూర్చుని చేసే పనితోనే మీకు డబ్బు వస్తోంది. ఎవరి పనిముట్టు వాళ్లకి సరిగ్గా ఉండాలి. ఒక బెజ్జానికి అంత ఆలోచన అక్కర్లేదు.

వైరు వేశాక పైన ఫోన్లకి కూడా వైఫై కావాలనుకుంటే, ఇంట్లో మూలపడ్డ పాత రౌటర్ ఉంటే చాలు. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచడం మాత్రమే చేసేట్టు పెట్టి, కింది నుంచి వచ్చిన లాన్ వైరు దానికి, దాని నుంచి చిన్న వైరు సిస్టమ్‌కి ఇవ్వాలి. ఆ మోడ్ లేని రౌటర్ అయితే అందులో డీహెచ్‌సీపీ (పరికరాలకి నెట్ అడ్రస్సులు పంచే పని) ఆపేసి, వైరుని వ్యాన్ (WAN) అని రాసిన పోర్టులో కాకుండా లాన్ పోర్టులోనే పెట్టాలి. కాస్త తెలిసిన కుర్రాడు ఎవరైనా చేసి పెడతారు.

పక్కింటివాళ్లు చెప్పిన రిపీటర్ గురించి. చవక రిపీటర్‌కి ఒకటే రేడియో ఉంటుంది. మోడెం చెప్పింది విన్న తర్వాతే అది మీ సిస్టమ్‌కి చెప్పగలదు, అందుకే స్పీడ్ సుమారు సగానికి పడుతుంది. పైగా చాలామంది దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. రాని సిగ్నల్‌ని అది మాత్రం ఏం మోస్తుంది? పెట్టేదుంటే మెట్ల మలుపులో పెట్టాలి. వైరు లాగడం ఏ విధంగానూ కుదరని ఇంటికే రిపీటర్‌ని, అంతకంటే మెరుగ్గా రెండు బ్యాండ్‌ల మెష్‌ని నేను సూచిస్తాను. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి అదే గతి కావొచ్చు. మీది సొంత ఇల్లు.

వైరు వేసేలోగా డాంగిల్ మార్చాలనిపిస్తే, 2.4తో పాటు 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టే, బయటికి యాంటెన్నా ఉన్న రకం తీసుకోండి. కానీ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గదిలో ఎంత వేగంగా ఉన్నా గోడల దగ్గర 2.4 కంటే త్వరగా నీరసిస్తుంది. మీ శ్లాబ్ దాటి అది ఎంత వస్తుందో ముందే తెలుసుకోవచ్చు. ఫోన్‌తో చేసిన మొదటి పరీక్షలో, ఫోన్ ఏ బ్యాండ్ మీద ఉందో వైఫై వివరాల్లో చూడండి. పైగదిలో 5 మీద నిలిచి మంచి స్పీడ్ ఇస్తుంటేనే కొత్త డాంగిల్‌కి డబ్బు పెట్టండి.

స్పీడ్ అంకెల్లో ఒక తికమక ఉంది. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, ఫైలు డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు బ్రౌజర్‌లో కనబడేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 ప్లాన్ మీద సెకనుకి 11, 12 మెగాబైట్లు కనబడితే పూర్తి స్పీడ్ వస్తున్నట్టే, మోసమేమీ జరగలేదు.

ఆఖరుగా 20వ తేదీ టెన్షన్. పన్ను కట్టే నెలవారీ రిటర్ను జీఎస్‌టీఆర్ 3బీకి అదే గడువు కావడంతో ఆ రోజు దేశమంతా ఒకేసారి పోర్టల్ మీద పడుతుంది. అప్పుడు పేజీ తిరుగుతూ ఉండిపోతే అది మీ వైఫై తప్పు కాకపోవచ్చు. అదే నిమిషంలో ఇంకో సైట్ తెరిచి చూడండి, అది టక్కున తెరుచుకుంటే ఆలస్యం పోర్టల్‌దే. మోడెం ఆపి పెట్టడం, సిస్టమ్ రీస్టార్ట్ చేయడం వల్ల సగం నింపిన పని పోవడం తప్ప లాభం లేదు. వీలైన యూనిట్లవి 16, 17 తేదీల్లోనే వేసేయండి. బిల్లులు ఆలస్యంగా పంపే యజమానులకి 11వ తేదీ అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్ 1 అప్పుడే ఆ మాట చెప్పి పెట్టండి.

ముందు ఫోన్ పరీక్ష, తర్వాత ఎక్స్‌టెన్షన్ వైరు, తర్వాత లాన్ కేబుల్, ఈ వరసలోనే చేయండి. ఏ అడుగు దగ్గర పని అయిపోతే అక్కడ ఆగిపోండి. వైరు మీద కూడా మధ్యాహ్నం పూటే 50 దాటకపోతే మాత్రం పైగదిలో ఫోన్ అంకె, సిస్టమ్‌లో లింక్ స్పీడ్, వైరు మీద మధ్యాహ్నం, రాత్రి వచ్చిన అంకెలు నాలుగూ రాసి పంపండి. ఆపరేటర్‌కి ఏమని ఫిర్యాదు రాయాలో చూద్దాం.